అమెరికన్ లీజియన్ పోస్టు: ఊరూరా మాజీ సైనికుల సంఘం

అమెరికన్ లీజియన్ అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని మాజీ సైనికుల సంఘాలన్నిటిలోకీ పెద్దది. 1919లో పుట్టింది. కేంద్ర కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. లీజియన్ స్థానిక శాఖను ‘పోస్టు’ అంటారు. దేశమంతటా ఇప్పటికీ 12 వేల పైచిలుకు పోస్టులున్నాయి. పెద్ద నగరాల్లో పదుల సంఖ్యలో, మూడు నాలుగు వీధుల పల్లెటూళ్లలో ఒక్కొక్కటి చొప్పున కనిపిస్తాయి. చరిత్ర పుస్తకాలు లీజియన్ అనగానే జాతీయ మహాసభల తీర్మానాలనూ, వాషింగ్టన్‌లో దాని పలుకుబడినీ చెబుతాయి. కానీ ఈ సంస్థకు దక్కిన మంచి పేరూ, అంటిన మచ్చా చాలావరకు ఊళ్లలో పోస్టులు చేసిన పనుల వల్ల వచ్చినవే. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా పోస్టు చుట్టూ తిరుగుతుంది.

పుట్టుక

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఊరూరా సంఘం పెట్టుకోవడం అమెరికాలో లీజియన్‌తో మొదలవలేదు. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడినవారు 1866లో ఇలినాయ్ రాష్ట్రంలోని డికేటర్‌లో ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ స్థాపించారు. శాఖను పోస్టు అనడం, దానికి చనిపోయిన సైనికుడి పేరు పెట్టడం అక్కడి ఆచారాలే. 1868లో దాని అధినేత జాన్ లోగన్, మే నెలలో ఒకరోజు అమరుల సమాధులపై పూలు ఉంచమని పోస్టులన్నిటికీ ఉత్తర్వు పంపాడు. నేటి మెమోరియల్ డేకి అదే మూలం. అయితే ఆ సంఘం తన తరం దాటి సభ్యుల్ని చేర్చుకోలేదు. 1956లో చివరి సభ్యుడు ఆల్బర్ట్ వూల్సన్ చనిపోవడంతో అదీ ముగిసింది. 1899లో ఒహాయోలోని కొలంబస్‌లో బీజం పడిన ‘వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్’ విదేశీ గడ్డపై పోరాడినవారికి మాత్రమే చోటిచ్చింది, ఇప్పటికీ అంతే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్‌లో దాదాపు 20 లక్షల మంది అమెరికన్ సైనికులున్నారు. ఓడలు చాలక నెలల తరబడి అక్కడే ఆగిపోయారు. పని లేదు, ఇంటి మీద బెంగ, పై అధికారుల మీద చిరాకు. ఆ అసంతృప్తి ఎటు దారితీస్తుందోనని సైన్యాధికారులు భయపడ్డారు. రష్యా విప్లవంలో సైనికులు ఏం చేశారో వాళ్లు చూసే ఉన్నారు. మాజీ అధ్యక్షుడి కొడుకు లెఫ్టినెంట్ కల్నల్ థియోడర్ రూజ్వెల్ట్ జూనియర్ మరికొందరు అధికారులతో కలిసి 1919 ఫిబ్రవరిలో పారిస్‌లో విందు ఏర్పాటు చేసి సంఘం ఆలోచన బయటపెట్టాడు. మార్చి 15 నుంచి 17 వరకు పారిస్‌లో తొలి సభ, మేలో సెయింట్ లూయిస్‌లో రెండో సభ జరిగాయి. సెయింట్ లూయిస్ సభ రూజ్వెల్ట్‌నే నాయకుడిగా ఉండమని గొంతు చించుకున్నా ఆయన ఒప్పుకోలేదు. తన రాజకీయాల కోసం పెట్టిన సంఘమన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. సెప్టెంబర్ 16న కాంగ్రెస్ చార్టరు ఇచ్చింది. నవంబర్ 10 నుంచి మినియాపొలిస్‌లో జరిగిన మొదటి మహాసభ ఫ్రాంక్లిన్ డోలియర్‌ను తొలి జాతీయ కమాండర్‌గా ఎన్నుకుంది.

అధికారులు పెట్టిన సంఘమే అయినా అందులో హోదాలు ఉండవన్నది మొదటి నియమం. కల్నల్ అయినా సిపాయి అయినా పోస్టులో ఒక ఓటే. యుద్ధంలో విదేశానికి వెళ్లాడా, దేశంలోనే శిబిరంలో ఉండిపోయాడా అన్న తేడా కూడా చూడలేదు. లీజియన్ అంత వేగంగా పెరగడానికి ఈ రెండూ ప్రధాన కారణాలు. సైన్యంలో పనిచేసిన నర్సులకూ, నౌకాదళంలో గుమాస్తా పని చేసిన స్త్రీలకూ మొదటి నుంచే పూర్తి సభ్యత్వం ఉంది. అమెరికా స్త్రీలందరికీ ఓటు హక్కునిచ్చిన రాజ్యాంగ సవరణ 1920 ఆగస్టులో వచ్చింది. అంతకు ముందే వీళ్లు తమ పోస్టులో ఓటు వేశారు. సభ్యుల భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ల కోసం ‘ఆక్సిలరీ’ అనే అనుబంధ సంఘం ఏర్పడింది. పోస్టు పేరుతో ఊళ్లో జరిగే పనుల్లో వంటావార్పూ, చందాల వసూళ్లూ, ఆసుపత్రి సందర్శనలూ చాలాకాలం వీళ్ల భుజాల మీదే నడిచాయి. వార్షిక నివేదికల్లో వాళ్లకు దక్కే చోటు మాత్రం చిన్నది.

పోస్టు ఎలా నడుస్తుంది

కొత్త పోస్టుకు కనీసం 15 మంది సభ్యులు కావాలి. కొన్ని రాష్ట్రాలు ఇంకా ఎక్కువమందిని అడుగుతాయి. బతికున్నవారి పేరు పోస్టుకు పెట్టకూడదు. ఎక్కువ పోస్టులకు ఆ ఊరి నుంచి యుద్ధానికి వెళ్లి మరణించిన కుర్రవాడి పేరుంటుంది. అందుకే ఏ చిన్న ఊరికి వెళ్లినా లీజియన్ బోర్డు మీద చరిత్రకెక్కని పేరొకటి కనిపిస్తుంది.

ఏటేటా ఎన్నికయ్యే కమాండర్ పోస్టుకు పెద్ద. ఉత్తరప్రత్యుత్తరాలూ, సభ్యత్వ జాబితాలూ అడ్జుటెంట్ చూస్తాడు. కోశాధికారి, మతపరమైన విధులకు చాప్లెన్, పోస్టు చరిత్ర రాసిపెట్టే హిస్టారియన్, సభలో క్రమశిక్షణకు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ ఉంటారు. వీళ్లందరి కన్నా ఊరికి ఎక్కువ అక్కరకొచ్చేవాడు సర్వీస్ ఆఫీసర్. పింఛన్, వైద్యం, వైకల్య భృతి దరఖాస్తులు నింపించడం, సైనిక రికార్డులు తెప్పించడం, తిరస్కరించినప్పుడు అప్పీలు రాయించడం ఆయన పని. దీనికి జీతం ఉండదు. పోస్టుల పైన జిల్లాలు, ఆ పైన ‘డిపార్ట్‌మెంట్లు’ ఉంటాయి. డిపార్ట్‌మెంట్ అంటే దాదాపుగా ఒక రాష్ట్ర శాఖ. మొత్తం 55 ఉన్నాయి. పైనుంచి ఆదేశాలు వస్తాయి గానీ రోజువారీ వ్యవహారాల్లో పోస్టు స్వతంత్రం చాలా ఎక్కువ. హాలు పోస్టు సొంతం, డబ్బు పోస్టుది, ఎవరిని చేర్చుకోవాలో తేల్చేదీ పోస్టే. ఈ స్వతంత్రం మేలూ చేసింది, కీడూ చేసింది.

సెంట్రేలియా

కీడు తొలి ఏడాదే బయటపడింది. 1919 నవంబర్ 11న, యుద్ధ విరమణ తొలి వార్షికోత్సవం రోజున, వాషింగ్టన్ రాష్ట్రంలో కలప మిల్లుల ఊరైన సెంట్రేలియాలో స్థానిక లీజియన్ పోస్టు ఊరేగింపు తీసింది. ఆ దారిలోనే ‘ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్’ అనే విప్లవవాద కార్మిక సంఘం కార్యాలయం ఉంది. అంతకుముందు ఏడాది ఒక ఊరేగింపులోని జనమే దాన్ని ధ్వంసం చేసిన అనుభవం కార్మికులకు ఉంది. ఈసారి వాళ్లు తుపాకులతో సిద్ధంగా ఉన్నారు. ఊరేగింపు అక్కడ ఆగింది, కాల్పులు జరిగాయి, నలుగురు లీజియన్ సభ్యులు చనిపోయారు. ముందు తలుపు మీద పడ్డారా, ముందు తుపాకి పేలిందా అన్న తగవు వందేళ్లు దాటినా తెగలేదు. ఆ రాత్రి ఊళ్లో దీపాలు ఆర్పేశారు. వెస్లీ ఎవరెస్ట్ అనే కార్మికుణ్ణి జైలు నుంచి లాక్కెళ్లి వంతెనకు ఉరితీశారు. ఎవరెస్ట్ కూడా సైన్యంలో పనిచేసినవాడే. కార్మికుల మీద హత్యా నేరాలు మోపి జైళ్లకు పంపారు. ఎవరెస్ట్‌ను ఉరితీసినందుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. చనిపోయిన సభ్యుల స్మారకంగా 1924లో ఊరి పార్కులో సైనికుడి విగ్రహం పెట్టారు. 1997లో దానికి ఎదురుగా ఉన్న భవనం గోడ మీద ఎవరెస్ట్ చిత్రం వెలిసింది.

తొలి దశాబ్దాల్లో లీజియన్‌కు ఎర్రజెండా అంటే పడేది కాదు. 1923లో జాతీయ కమాండర్ ఆల్విన్ ఔస్లీ ఇటలీ ఫాసిస్టులను లీజియన్‌తో పోల్చి మెచ్చుకున్నాడు కూడా. సమ్మెలు విరగగొట్టడానికీ, పాఠశాలల్లో ఉపాధ్యాయుల ‘దేశభక్తి’ని పరీక్షించడానికీ కొన్ని పోస్టులు ముందుకురికాయి. మరికొన్ని చోట్ల పోస్టు సభ్యుల్లో సగంమంది కార్మిక సంఘాల్లోనూ ఉండేవారు, అక్కడ అలాంటి పని సాగలేదు. అంటే సంస్థ సిద్ధాంతం ఏదైనా పోస్టులో కూర్చున్నది ఎవరన్నదాన్ని బట్టే ఫలితం ఉండేది.

బోనస్, ఆసుపత్రి, కాలేజీ

విషవాయువుతో ఊపిరితిత్తులు చెడినవాళ్లూ, క్షయ పట్టినవాళ్లూ, మతి చలించినవాళ్లూ 1919లో ఊళ్లకు చేరినప్పుడు వాళ్లను చూసుకోవడానికి ఒక ప్రభుత్వ శాఖంటూ లేదు. బీమా ఒకచోట, వైద్యం ఒకచోట, వృత్తి శిక్షణ మరోచోట. లీజియన్ ఒత్తిడితో 1921 ఆగస్టులో ఈ మూడూ వెటరన్స్ బ్యూరో కింద చేరాయి. దాని తొలి డైరెక్టర్ చార్లెస్ ఫోర్బ్స్ ఆ డబ్బులోనే అవినీతి చేసి జైలుకెళ్లడం వేరే కథ. 1930లో వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది.

బోనస్ వ్యవహారంలో సంస్థ పైభాగానికీ అడుగుభాగానికీ ఉన్న దూరం తేటతెల్లమైంది. సైన్యంలో ఉన్నకాలంలో నష్టపోయిన సంపాదనకు పరిహారంగా 1924లో కాంగ్రెస్ ధ్రువపత్రాలు ఇచ్చింది, అయితే చెల్లింపు 1945లో. ఆర్థిక మాంద్యంలో తిండికి కటకటలాడుతున్న మాజీ సైనికులు ఇప్పుడే ఇమ్మన్నారు. 1931లో డెట్రాయిట్ మహాసభకు అధ్యక్షుడు హూవర్ స్వయంగా వచ్చి వద్దని నచ్చజెబితే నాయకత్వం తలూపింది. 1932 వేసవిలో వేలాది మంది వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకుంటే వాళ్లకు దారి పొడవునా తిండి పెట్టినవాళ్లలో చిన్న ఊళ్ల పోస్టులూ ఉన్నాయి. జూలై చివర జనరల్ డగ్లస్ మెకార్థర్ సైన్యంతో ఆ గుడిసెలు ఖాళీ చేయించాడు. బోనస్ 1936లో గానీ చేతికి రాలేదు.

ఆ అవమానం రెండో యుద్ధకాలంలో లీజియన్ నాయకులను వెంటాడింది. కోటిన్నర మందికి పైగా సైనికులు తిరిగొస్తారు, మళ్లీ రోడ్డున పడితే? 1943 డిసెంబర్‌లో కాన్సాస్‌లోని టొపీకాకు చెందిన న్యాయవాది, మాజీ జాతీయ కమాండర్ హ్యారీ కోల్మెరీ వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని ఆ హోటల్ కాగితాల మీదే ఒక బిల్లు ముసాయిదా చేత్తో రాశాడు. లీజియన్ ప్రచార విభాగంలోని జాక్ సెజ్నార్ దానికి ‘జీఐ బిల్ ఆఫ్ రైట్స్’, అంటే సైనికుల హక్కుల బిల్లు, అని పేరుపెట్టాడు. పేరు పెట్టడంలోనే సగం పని జరిగిపోయింది. మిగతా సైనిక సంఘాలు కొన్ని మొదట్లో వ్యతిరేకించాయి. వికలాంగ సైనికులకు దక్కాల్సింది అందరికీ పంచితే పలచబడుతుందన్నది వాళ్ల భయం, అందులో న్యాయం లేకపోలేదు. ఉభయసభల సంయుక్త సంఘంలో బిల్లు ఒక్క ఓటు దగ్గర చిక్కుకుంటే, జార్జియాలో సొంతూళ్లో ఉన్న సభ్యుడు జాన్ గిబ్సన్‌ను లీజియన్ మనుషులు రాత్రికి రాత్రి వెతికి పట్టుకుని వాషింగ్టన్ చేర్చారు. 1944 జూన్ 22న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ సంతకం చేశాడు.

చట్టం ఇచ్చినవి ఇవి. కాలేజీ ఫీజు ఏడాదికి 500 డాలర్ల వరకు, ఒంటరివాడికి నెలకు 50 డాలర్ల జీవనభృతి, ఇల్లు, పొలం లేదా వ్యాపారం కోసం తీసుకునే అప్పుకు ప్రభుత్వ హామీ, పని దొరికేదాకా వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాలు. దాదాపు 78 లక్షల మంది చదువో శిక్షణో పొందారు, వారిలో 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. అమెరికాలో కాలేజీ చదువు శ్రీమంతుల సొత్తుగా మిగలకపోవడానికి ఈ చట్టం పెద్ద కారణం. అమలు మాత్రం స్థానిక బ్యాంకుల, స్థానిక కార్యాలయాల చేతిలో పెట్టారు. దాంతో దక్షిణాదిలో నల్లజాతి సైనికులకు దారి మూసుకుపోయింది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో ఈ హామీతో ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లవారికి దక్కినవి 2.

బోర్డు మీద ఎవరి పేరు

నల్లజాతి సైనికుల్ని చేర్చుకోవడమా మానడమా అన్న ప్రశ్నను తొలి మహాసభ రాష్ట్రశాఖలకు వదిలేసింది. ఫలితం ఊహించదగ్గదే. దక్షిణాదిలో నల్లవారికి వేరే పోస్టులు పెట్టారు, కొన్నిచోట్ల అవీ పెట్టనివ్వలేదు. లీజియన్ లోపలే సరదా బృందంగా 1920లో పుట్టిన ‘ఫార్టీ అండ్ ఎయిట్’ తెల్లవారికే పరిమితమైంది. నలభై మంది మనుషులు లేదా ఎనిమిది గుర్రాలు పట్టే ఫ్రెంచి రైలుపెట్టెల నుంచి ఆ పేరు వచ్చింది. ఈ విషయమై లీజియన్‌తో చెడి బృందం విడిపోయింది. వర్ణనిబంధనను 1973లో గానీ ఎత్తేయలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని చైనా సంతతి సైనికులు 1931లో ‘కాథే పోస్టు 384’ పేరుతో సొంత పోస్టు తెరిచారు, అది ఇప్పటికీ ఉంది.

జపాన్ సంతతి వారి విషయంలో లీజియన్ నడత మరీ విచిత్రం. వలసల మీద నిషేధం పెట్టిన 1924 చట్టాన్ని అది గట్టిగా బలపరిచింది. అదే లీజియన్, మొదటి యుద్ధంలో అమెరికా తరఫున పోరాడిన ఆసియావాసులకు పౌరసత్వం ఇవ్వాలని జపాన్‌లో పుట్టిన మాజీ సైనికుడు టోకుటారో స్లోకమ్ ఊరూరా తిరిగి అడిగితే మద్దతిచ్చింది. 1935 జూన్‌లో వచ్చిన నై-లీ చట్టం ఆ ఫలమే. దీని వల్ల మేలు పొందినవారిలో భగత్ సింగ్ థిండ్ ఒకరు. పంజాబు నుంచి వెళ్లి 1918లో అమెరికా సైన్యంలో చేరిన ఈయనకు భారతీయుడు ‘తెల్లవాడు’ కాడన్న కారణంగా పౌరసత్వం చెల్లదని సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో అమెరికాలోని భారతీయులందరికీ తలుపులు మూసుకున్నాయి. మాజీ సైనికుడి హోదాలో థిండ్ 1936లో పౌరుడయ్యాడు.

ఇక హుడ్ రివర్. ఆరెగాన్ రాష్ట్రంలో ఆపిల్ తోటలకు పేరుపడ్డ ఈ ఊళ్లో జపాన్ కుటుంబాలు చాలా ఉండేవి. 1942లో వాళ్లందరినీ నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ శిబిరాల్లో తల్లిదండ్రులు ఉండగానే కొడుకులు సైన్యంలో పనిచేశారు. యుద్ధంలో ఉన్న ఊరి కుర్రాళ్ల పేర్లన్నీ లీజియన్ పోస్టు 22 కౌంటీ కోర్టు గోడ మీద రాయించింది. 1944 నవంబర్ 29న అందులో 16 జపాన్ పేర్లను చెరిపేసింది. జపాన్‌వాళ్లు తిరిగి రావద్దంటూ పత్రికల్లో ప్రకటనలూ పడ్డాయి. వాళ్లు వదిలివెళ్లిన తోటల మీద ఊళ్లో కొందరి కన్ను పడిందన్నది బహిరంగ రహస్యం. దేశం నలుమూలల నుంచీ తిట్లు కురిశాయి. ముందు వరుసలో ఉన్న సైనికులు కోపంతో ఉత్తరాలు రాశారు, ఇతర పోస్టులే తప్పుబట్టాయి. చెరిపిన పేర్లలో ఒకటి ఫ్రాంక్ హచియాది. ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో గూఢచారి విధుల్లో గాయపడి 1945 జనవరి 3న చనిపోయాడు. మరణానంతరం డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. జాతీయ కమాండర్ ఎడ్వర్డ్ షైబర్లింగ్ పేర్లు తిరిగి రాయమని కోరాక, 1945లో పోస్టు దిగివచ్చి ఒక పేరు తప్ప అన్నీ మళ్లీ రాయించింది. హచియా అస్థికలు 1948లో హుడ్ రివర్‌కే చేరాయి.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ పోస్టు 21. 1934 ఆగస్టులో ఈ పోస్టు కుర్రాళ్ల బేస్‌బాల్ జట్టు టోర్నమెంటు ఆడడానికి నార్త్ కరోలినాలోని గాస్టోనియా వెళ్లింది. జట్టులో ఒకే ఒక్క నల్లజాతి ఆటగాడు, బనీ టాలియాఫెరో. అతనికి హోటల్లో చోటు లేదన్నారు, మైదానంలో దిగనిచ్చేది లేదన్నారు. అతన్ని పక్కన పెట్టి ఆడొచ్చు. పదిహేను పదహారేళ్ల పిల్లలు తమలో తాము మాట్లాడుకుని, ఆడకుండా రైలెక్కి ఇంటికొచ్చేశారు. వాళ్లకు ఊరి పార్కులో స్మారకం కట్టడానికి 2003 దాకా పట్టింది.

పోస్టు తలుపు తెరుచుకోని చోట కొత్త సంఘాలు పుట్టాయి. టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో మెక్సికన్ సంతతి మాజీ సైనికుల కోసం డాక్టర్ హెక్టర్ గార్షియా 1948 మార్చిలో ‘అమెరికన్ జీఐ ఫోరం’ స్థాపించాడు. మరుసటేడు అదే రాష్ట్రంలోని త్రీ రివర్స్‌లో, ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన ఫెలిక్స్ లొంగోరియా భౌతికకాయాన్ని ఉంచడానికి అంత్యక్రియల గృహం ఒప్పుకోలేదు, తెల్లవారికి నచ్చదట. ఫోరం పంపిన టెలిగ్రాముకు స్పందించి సెనేటర్ లిండన్ జాన్సన్ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు ఏర్పాటు చేయించాడు. ఫోరం ఆ తర్వాత బడులలో, కోర్టుల్లో మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం పోరాడే పెద్ద సంస్థగా ఎదిగింది.

ఊరి బతుకులో

శుక్రవారం సాయంత్రం వేపిన చేపల విందు, ఆదివారం పొద్దున ప్యాన్‌కేకులు, వారానికొకసారి బింగో ఆట. చిన్న ఊళ్లో లీజియన్ హాలంటే చాలామందికి ఇదే. పెళ్లి రిసెప్షన్లూ, చావు భోజనాలూ, రక్తదాన శిబిరాలూ, ఎన్నికల పోలింగూ అక్కడే జరుగుతాయి. వరదొచ్చినా మంచు తుపాను పడినా జనం తలదాచుకునేదీ అక్కడే. బింగో, బారు ఆదాయంతోనే మిగతా సేవలన్నీ నడుస్తాయి కాబట్టి వాటిని చిన్నచూపు చూడడానికి లేదు. అయితే బారు పోస్టును మింగేసిన ఊళ్లూ ఉన్నాయి. కొత్తగా వచ్చిన యువ సైనికుడికి ‘తాగుబోతు ముసలాళ్ల అడ్డా’ అన్న అభిప్రాయం అక్కడే ఏర్పడింది.

పోస్టు చేసే పనుల్లో ఇంకెవరూ చేయలేనిది అంత్యక్రియల సేవ. 2000 జనవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం గౌరవంగా సేవ ముగించిన ప్రతి మాజీ సైనికుడి అంత్యక్రియలకూ, కుటుంబం అడిగితే, సైన్యం కనీసం ఇద్దరిని పంపి జెండా మడిచి ఇప్పించాలి, ‘ట్యాప్స్’ అనే బూరా బాణీ వినిపించాలి. మూడు విడతల తుపాకి పేల్పులకు మనుషులు మాత్రం చాలాచోట్ల పోస్టు నుంచే రావాలి. ఎండైనా మంచైనా డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు టోపీ పెట్టుకుని, సైన్యం అరువిచ్చిన పాత రైఫిళ్లతో శ్మశానంలో నిలబడతారు. మే చివరి సోమవారం మెమోరియల్ డేకి ముందు సమాధుల మీద చిన్న జెండాలు గుచ్చేదీ వీళ్లే. బడిపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఎవరి సమాధి ఎక్కడుందో చూపిస్తారు.

పిల్లల కోసం లీజియన్ పెట్టిన కార్యక్రమాలు సంస్థ కన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. 1925లో సౌత్ డకోటాలోని మిల్‌బ్యాంక్‌లో జరిగిన రాష్ట్రసభలో కుర్రాళ్ల బేస్‌బాల్ ఆలోచన పుట్టింది. యోగి బెర్రా, బాబ్ ఫెల్లర్ లాంటి మహామహులు పోస్టు జట్లలోనే ఆట నేర్చారు. 1935లో ఇలినాయ్‌లో మొదలైన ‘బాయ్స్ స్టేట్’లో ఉన్నత పాఠశాల విద్యార్థులు వారం రోజులు ఉత్తుత్తి రాష్ట్రాన్ని నడుపుతారు. పార్టీలు పెట్టుకుని, ఎన్నికలు జరుపుకుని, చట్టాలు చేస్తారు. ఆక్సిలరీ ఆడపిల్లల కోసం ‘గర్ల్స్ స్టేట్’ నడుపుతుంది. ఒక్కో బాయ్స్ స్టేట్ నుంచి ఇద్దరు వాషింగ్టన్‌లో ‘బాయ్స్ నేషన్’కు వెళతారు. 1963 జూలైలో అలా వెళ్లి శ్వేతసౌధం తోటలో అధ్యక్షుడు కెనెడీతో చేయి కలిపిన ఆర్కన్సా కుర్రాడు బిల్ క్లింటన్.

హాలీవుడ్ పోస్టు 43 మాత్రం అన్ని పోస్టుల్లాంటిది కాదు. హైలాండ్ అవెన్యూలో 1929లో కట్టిన దాని భవనం ఈజిప్టు గుడిలా ఉంటుంది. క్లార్క్ గేబుల్ లాంటి తారలు సభ్యులుగా ఉండేవారు. సభ్యులు తగ్గి బారు మాత్రమే మిగిలిన దశ నుంచి, ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి వచ్చి సినిమా రంగంలో పనిచేస్తున్న యువత దాన్ని లేవనెత్తింది. హాలును సినిమా థియేటరుగా మార్చి 2019లో తెరిచారు. పాత ఫిల్ములను నేటికీ రీళ్లతో వేసే కొద్ది థియేటర్లలో అది ఒకటి.

లీజియన్ పేరు వైద్యపుస్తకాల్లోకి ఎక్కింది మరో దారిలో. 1976 జూలై 21 నుంచి 24 వరకు ఫిలడెల్ఫియాలోని ఒక పెద్ద హోటల్లో పెన్సిల్వేనియా రాష్ట్రశాఖ మహాసభ జరిగింది. ఇళ్లకు చేరిన కొద్దిరోజులకే సభ్యులు జ్వరంతో, న్యుమోనియాతో పడిపోయారు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఆసుపత్రుల్లో చేరిన ఈ రోగులకు సంబంధం ఉందని తెలియడానికి పోస్టుల నుంచి రాష్ట్ర కార్యాలయానికి వరసగా వచ్చిన చావు కబుర్లు కారణమయ్యాయి. మొత్తం 221 మంది జబ్బుపడ్డారు, 34 మంది చనిపోయారు. ఆరు నెలలకు, 1977 జనవరిలో, అట్లాంటాలోని కేంద్ర ప్రయోగశాలలో జోసెఫ్ మెక్‌డేడ్ ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. దానికి ‘లీజియొనెల్లా’ అని పేరు పెట్టారు. పెద్ద భవనాల ఏసీ కూలింగ్ టవర్లూ, నీటి ట్యాంకులూ శుభ్రంగా ఉంచే నిబంధనలు ప్రపంచమంతటా గట్టిపడింది ఆ తర్వాతే.

తరుగుదల

1946లో లీజియన్ సభ్యుల సంఖ్య 33 లక్షలు. ఇప్పుడు 20 లక్షలకు చాలా తక్కువ. వియత్నాం నుంచి వచ్చినవారిలో చాలామంది పోస్టు గడప తొక్కలేదు. రెండో యుద్ధం గెలిచొచ్చిన పెద్దలు తమను ఓడిన సిపాయిలుగా చూశారని వాళ్ల ఫిర్యాదు. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషం వల్ల వచ్చిన జబ్బుల మీద 1980లలో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి అధ్యయనం చేయించి, ప్రభుత్వం మీద దావా వేసి లీజియన్ ఆ పాపం కొంత కడుక్కుంది. 1973లో నిర్బంధ సైనిక సేవ పోయింది కాబట్టి తర్వాతి తరాల్లో మాజీ సైనికులే తగ్గారు. ఉన్నవాళ్లు హాలుకు రావడం కన్నా ఫోన్లో పలకరించుకోవడానికి ఇష్టపడతారు. జాతీయ కమాండర్‌గా ఒక మహిళ, డెనీస్ రోహన్, ఎన్నికవడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీలకు తొలిరోజే ఓటిచ్చిన సంఘానికి ఇది గర్వపడే లెక్క కాదు.

చాలాకాలం ప్రకటిత యుద్ధకాలాల్లో పనిచేసినవారికే సభ్యత్వం ఉండేది. మధ్యకాలాల్లో సేవ చేసినవారికీ, ఆ కాలాల్లో రహస్య దాడుల్లో గాయపడినవారికీ చోటు ఉండేది కాదు. 2019 జూలై 30న వచ్చిన చట్టం 1941 డిసెంబర్ 7 నుంచి ఇప్పటిదాకా అంతా ఒకే యుద్ధకాలంగా లెక్కగట్టి లక్షలాది మందికి అర్హత కల్పించింది. అదే ఏడాది నుంచి లీజియన్ ‘బడ్డీ చెక్’ పేరుతో, ఊళ్లోని ప్రతి మాజీ సైనికుడికీ ఏడాదిలో కొన్నిసార్లైనా ఫోన్ చేసి బాగోగులు కనుక్కోమని పోస్టులకు చెబుతోంది. ఆత్మహత్యలు ఆపడం దీని ప్రధాన ఉద్దేశం. చట్టం తెరిచిన తలుపు కన్నా ఈ ఫోను పిలుపుకే పోస్టుల్ని బతికించే బలం ఎక్కువని నా అంచనా.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక మాట. బాయ్స్ స్టేట్, గర్ల్స్ స్టేట్‌లకు పదకొండో తరగతి పిల్లల్ని సాధారణంగా స్థానిక పోస్టూ, ఆక్సిలరీ ఎంపిక చేస్తాయి, చాలాచోట్ల ఖర్చూ భరిస్తాయి. ఇంట్లో సైన్యంలో పనిచేసినవారు ఉండాలన్న నియమం లేదు. మీ పిల్లల బడిలో కౌన్సెలర్‌ను శీతాకాలంలోనే అడగండి.